ఎడమవైపు గోడ

మా అన్న ప్రహ్లాద్ అంటే నాకు ప్రాణం. ఆయన్ని చూస్తే ఒళ్లు మండేది కూడా నాకే. రాయచూరు దగ్గర దేవసూగూరులో మా ఇంటికీ పక్కింటి గోడకూ మధ్య ఒక సందు ఉంది. మా నాన్న దానికి రేకులు కప్పించి వీడియో గేముల అంగడి పెట్టాడు. బడి వదలగానే పవర్ ప్లాంటు కాలనీ పిల్లలంతా అక్కడికే వచ్చేవాళ్లు. తర్వాత నాన్న పోయాడు. ఆ పిల్లలు పెద్దవాళ్లై ఉద్యోగాల్లో చేరారు. మా అన్న మాత్రం ఆ సందులోంచి బయటికి రాలేదు.

సందు అంటే సందే. మనిషికి మనిషి ఎదురైతే ఒకరు వెనక్కి నడవాలి. మెషిన్ ముందు నిలబడితే ఎడమవైపు గోడ భుజానికి తగిలేది, కుడివైపు మాత్రం నడవడానికి కాస్త జాగా ఉండేది. ఎక్కడైనా ఆట కడ్డీ, అదే జాయ్‌స్టిక్, ఎడమచేతికి, బటన్లు కుడిచేతికి ఉంటాయి. మా దగ్గర కడ్డీని గట్టిగా లాగినవాడి మోచెయ్యి గోడకు రాసుకుని చర్మం లేచిపోయేది. పిల్లల తల్లులు గొడవకు వచ్చేసరికి నాన్న చెక్కలు విప్పి, కడ్డీని కుడికి, బటన్లను ఎడమకు మార్చి బిగించాడు. ఎడమ మోచేతిని డొక్కకు అదిమిపెట్టి, వేళ్లు మాత్రమే కదిలిస్తూ బటన్లు నొక్కాలి. మా ఊళ్లో అందరూ అలాగే ఆడారు, నేనూ అలాగే ఆడాను. గోడ ఉందన్న సంగతి కూడా కొన్నాళ్లకు మరిచిపోయాం.

ఫోన్లలో ఆటలు వచ్చాక అంగడి మూతపడింది. మెషిన్లు దుమ్ముకొట్టుకుని అక్కడే ఉండిపోయాయి, వాటి పక్కన మా అన్న. ఒకరోజు కాలనీలో ఉండే అమరేశప్ప వచ్చాడు. చిన్నప్పుడు మా అంగట్లోనే పొద్దంతా గడిపినవాడు. పాత ఆటలను ఇంటి కంప్యూటర్లో ఆడించే ఎమ్యులేటర్ దొరికింది గానీ కీబోర్డు మీద మజా రావడం లేదు, ఆ పాత కడ్డీ ఏమైనా ఇస్తావా అని అడిగాడు.

అన్న ఒక చచ్చిన మెషిన్ పొట్ట విప్పాడు. కడ్డీ కింద నాలుగు దిక్కులా నాలుగు చిన్న స్విచ్చులు ఉంటాయి. వాటి చిలుము గీకి, స్పిరిట్‌తో తుడిచాడు. ఒక్కో బటన్ నుంచి ఒక్కో తీగ లాగి, అగ్గిపెట్టెంత బోర్డుకు కలిపి, ఆ బోర్డును కంప్యూటర్‌కు తగిలించాడు. ఆ తర్వాత చెవి దగ్గరగా పెట్టి కడ్డీని అన్ని దిక్కులకూ వంచి చూశాడు. స్విచ్ టిక్కుమనాలి. ఒక్క టిక్కు మెత్తగా వినిపించినా మళ్లీ అంతా విప్పేవాడు. అమరేశప్ప దాన్ని ఇంటికి తీసుకెళ్లిన తర్వాత కాలనీలో ఆ వయసు మగవాళ్లంతా మా గుమ్మం ముందు చేరారు.

పని దొరికిందని సంతోషించాను గానీ ఎండాకాలంలో ఆ రేకుల కింద ఆయన్ని చూస్తే ఏడుపొచ్చేది. రాయచూరులో మంచి షాపు చూసుకోమంటే, ఈ జాగా అలవాటైందనేవాడు. పెళ్లి మాటెత్తితే చేతిలో పని ఉందనేవాడు. నాకు పెళ్లై మస్కి వెళ్లిపోయాక, ఆ మాటలు అనడానికి కూడా మనిషి లేకుండా పోయింది.

అలాంటప్పుడు ధర్మతేజ వచ్చాడు. వాళ్లది మా జిల్లాలోనే గోరేబాళలో వరి పండించే కుటుంబం. అతను హైదరాబాద్‌లో ఇలా కడ్డీ, బటన్లు బిగించిన ఆట ప్యానెళ్లు చేయించి అమ్ముతాడు. ఫోన్లో ఎవరో పంపిన వీడియోలో అన్న చేతులు కనిపించాయట, ఆ చేతుల్ని వెతుక్కుంటూ వచ్చాడు. సందులో స్టూలు మీద కూర్చుంటే అతని మోకాళ్లు గోడకు తగిలాయి.

"ఇంత శుభ్రమైన పని నేనెక్కడా చూళ్లేదండీ. మా వర్క్‌షాపు మీరే చూసుకోవాలి. ఒక ప్యానెల్ కొత్తగా చేసి పట్టుకురండి, మావాళ్లకి చూపిద్దాం," అన్నాడు.

అన్న తల ఊపాడు. ఫోన్లో ఆ సంగతి విన్న నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఇప్పుడు బయటపడకపోతే ఈయన ఇక ఎప్పటికీ బయటపడడు. అందుకే మస్కి నుంచి బస్సెక్కి వచ్చి, నెత్తిమీద కూర్చుని ఆ ప్యానెల్ చేయించాను. కొత్త చెక్క, ఉన్నవాటిలో మేలైన కడ్డీ, అద్దంలా తుడిచిన బటన్లు. నేనే గుడ్డలో చుట్టాను. ఇద్దరం ఎన్నిసార్లు చూసుకున్నామో, ఇద్దరికీ అందులో లోపం కనిపించలేదు.

హైదరాబాద్‌లో వాళ్ల హాలు పెళ్లి పందిరంత ఉంది. మూల గోడ దగ్గర ఒక్క బల్ల, మిగతా బల్లలన్నీ నడిమధ్యలో, చుట్టూ ఖాళీ. ధర్మతేజ భాగస్వామి ఒకాయన మా ప్యానెల్ ముందు నిలబడి చేతులు చాచాడు. చేతులు ఒకదానిమీదొకటి అడ్డంపడ్డాయి. ప్యానెల్‌ను తలకిందులుగా తిప్పి చూసి, ఎడమచేతివాటం వాళ్ల కోసం చేశారా అని నవ్వుతూ అడిగాడు. అప్పుడు నాకు వెలిగింది. అన్నకు ఇంకా తెలియలేదు.

"ఏంది, టిక్కు సరిగ్గ లేదా?" అన్నాడు.

ధర్మతేజ మంచివాడు. పనికి వంక లేదని, కడ్డీ వైపు మారితే చాలని అందరి ముందే చెప్పాడు. తమ ప్యానెల్ ఒకటి తెచ్చి, ఒకసారి ఆడి చూడమన్నాడు. అన్న హాలు మధ్యలో నిలబడి ఎడమచేత్తో కడ్డీ పట్టుకున్నాడు. మోచెయ్యి డొక్కను వదిలి రాలేదు. చుట్టూ అంత ఖాళీ ఉంటే మణికట్టు ఒక్కటే కదిలింది, కడ్డీ సగమే వంగింది. మెడ మీద చెమట కారుతోంది. ఉన్నట్టుండి అది వదిలేసి, తన ప్యానెల్‌ను చంకలో పెట్టుకుని మూలనున్న బల్ల దగ్గరికి నడిచాడు. ఎడమ భుజం గోడకు ఆనించాడు. తీగ తగిలించి ఆడటం మొదలుపెట్టాడు. అందరూ పని మానేసి చుట్టూ మూగారు. అలాంటి ఆట వాళ్లెప్పుడూ చూసినట్టు లేదు. నాకు మాత్రం ఆ గోడే కనిపించింది. చూడలేక తల తిప్పుకున్నాను.

"ఉండిపోండి ప్రహ్లాద్ గారూ. వారంలో అలవాటైపోద్ది," అన్నాడు ధర్మతేజ. అన్న ఊరికి పోయి చెప్తానన్నాడు.

రైల్లో తిరిగి బయల్దేరాం. కృష్ణ వంతెన దాటి, ప్లాంటు పొగగొట్టాలు కనిపించాక అన్న నా వైపు తిరిగాడు.

"నేత్రా, ఆ హాలుల నాకు ఊపిరాడలే."

"మరి ఆ సందుల ఆడుతదా?"

"ఆడుతది," అన్నాడు.

నోటికొచ్చినట్టు తిట్టాను. పిరికివాడివన్నాను, నాన్న కట్టిన గోరీలో కూర్చున్నావన్నాను. ఆయన ఒళ్లో ఉన్న ప్యానెల్‌కు గుడ్డ మళ్లీ చుట్టాడు. మర్నాడే మళ్లీ సందులోకి వెళ్లి కూర్చున్నాడని, అమరేశప్ప స్నేహితుడి కోసం కడ్డీ కుడివైపే బిగిస్తున్నాడని తెలిసింది.

మస్కిలో మా అత్తగారింటి వంటిల్లు విశాలమైనది. ఆ కోపం మీదే జొన్నరొట్టెలు తట్టడానికి కూర్చున్నాను. పెనం దగ్గరున్న మా అత్త పంపమ్మ నన్నే చూస్తోంది.

"ఇంత జాగా ఉంది కదనే, ఎప్పుడు చూసినా గిట్ల ముడుచుకోని కూసుంటవేంది?" అంది.

వంగి చూసుకున్నాను. నా ఎడమ మోచెయ్యి డొక్కకు అదిమి ఉంది. దాన్ని బయటికి చాపి, తట్టడం మొదలుపెట్టాను. రొట్టె ఒకపక్కకు పోయి చిరిగింది. మళ్లీ ముద్ద చేసి తట్టాను, మళ్లీ చిరిగింది. పెనం కాలిపోతోందని అత్త తొందరపెట్టింది. మోచెయ్యి దగ్గరికి లాక్కున్నాను. రొట్టె గుండ్రంగా వచ్చింది.