గాలి ఫ్యాన్ల కింద ఎర్రగడ్డ మడి

డోన్‌కు పడమటనున్న గుట్ట మీద గాలిమరలు లేచినప్పుడు వాటి పునాదులకు గుంతలు తవ్వినవాళ్లలో చిన్న ఈరన్న ఒకడు. చిన్నప్పుడే బడి మాని గడ్డపార పట్టినవాడు. రాళ్లు పగలగొట్టి అరచేతులు కాయలు కాచాయి. పని అయిపోయాక కంపెనీవాళ్లు అతన్నే అక్కడ కాపలాకు పెట్టుకున్నారు. గుట్ట దిగితే అతని చేను, అందులో ఒక బోరు.

కళ్లెదుటే కరెంటు పుడుతుంటే మన మోటర్లకు రాకపోతుందా అనుకుంది ఊరంతా. ఈరన్న అయితే ఇంకా గట్టిగా నమ్మాడు. రెండువేల తొమ్మిదిలో వాన మొహం చాటేసినా ఎర్రగడ్డ నారు, అదే ఉల్లినారు, నాటడానికి సిద్ధమయ్యాడు.

"వద్దులేయ్యా, కరెంటును నమ్మొద్దు," అంది భార్య వెంకటేశ్వరమ్మ.

"ఫ్యాన్లు తిరుగుతాండాయి కదమే! గాలి ఉన్నన్నాళ్లు మనకేం భయం?"

ఆషాఢపు గాలికి రెక్కలు ఆగిందే లేదు. ఆ కరెంటు మాత్రం పెద్ద తీగల మీద ఎక్కడికో పోయేది. ఊరికి వచ్చేది ఎప్పుడొస్తుందో తెలియదు. పడిగాపులు కాయలేక అందరిలాగే ఈరన్నా ఆటోమేటిక్ స్టార్టర్ బిగించాడు. కరెంటు రాగానే, మనిషి లేకున్నా మోటరు ఆడుతుంది. ఒక మధ్యాహ్నం కరెంటు రావడం, ఊరి మోటర్లన్నీ ఒక్కసారిగా లేవడం, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడం ఒకేసారి జరిగాయి. రైతులే దాన్ని దించి, ఎద్దుల బండికెత్తి డోన్‌కు తోలుకుపోయారు. బాగుచేసే షెడ్డులో అప్పటికే ఊళ్లూళ్లవి వరసగా పడి ఉన్నాయి.

అది తిరిగి రాకముందే మడిలో ఆకు పండుబారింది. గడ్డ ఊరనే లేదు. గొర్లు తోలుకుని పోతున్న తిమ్మన్న గట్టు దగ్గర ఆగాడు.

"ఏమప్పా ఈరన్నా, నీ ఫ్యాన్లు బలే తిరుగుతాండాయే! యాడికి పోతాండాదప్పా ఆ గాలంతా?"

"నాకేం తెలుసప్పా. తవ్వమంటే తవ్వితి, కాయమంటే కాస్తాండా." ఈరన్న మడి వైపు చెయ్యి చూపించాడు. "నీ గొర్లను దీంట్లోకి తోలు."

తిమ్మన్న నవ్వు ఆగిపోయింది. "తమాసాకు అంటిలేప్పా."

"తోలప్పా. నోరులేని జీవాలు, అవన్నా తింటాయి."

తిమ్మన్న కట్టె ఎత్తి మందను అదిలించాడు. గొర్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ మడిలో పడ్డాయి. అంతదాకా గట్టు మీద కూర్చున్న వెంకటేశ్వరమ్మ గబగబా దిగి, వాటి మూతుల ముందు నుంచే గోలీలంత గడ్డల్ని పెరికి కొంగులో వేసుకోసాగింది.

"ఎందుకే అవి?" అన్నాడు ఈరన్న.

"సంగట్లోకి," అంది, తల ఎత్తకుండానే.