మేనమామ కూర్చున్న సీటు

మా వీధి చివర కార్ల సీట్లు కుట్టే ఆవిడని అందరూ సీట్లక్క అనేవాళ్లు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. తోలుని ఒక్కసారి అరచేత్తో నిమిరిందంటే అది ఎన్నేళ్లు ఎండలో మగ్గిందో చెప్పేసేది.

ఒకరోజు పళ్ల డాక్టరొకాయన పాతకాలపు ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చాడు. ఇద్దరికే చోటు, పైకప్పు లేదు. ఆ రకం కార్లు రెండు వందలే చేసి ఆపేశారట. ఇది నూట పద్నాలుగోదని స్టీరింగు పక్కన చిన్న ఇత్తడి బిళ్ల. పిల్లల్లేని మేనమామ పోతూపోతూ ఆయన పేర రాసిపోయాడు.

"అమ్మేద్దామనుకుంటున్నానక్కా. మా అపార్ట్‌మెంట్‌లో పెట్టుకోడానికి చోటు లేదు. ఈ చిరుగులు చూస్తే ఎవడు కొంటాడు? కొత్త తోలు వేసి తళతళలాడించు."

సీట్లక్క డ్రైవరు సీటు అడుగున కుట్టు నాలుగు వేళ్ల మేర విప్పింది. లోపలి గుడ్డ మీద పెన్సిల్‌తో 114 అని, పక్కనే పొట్టి సంతకం. ఎప్పుడో, ఎక్కడో ఆ సీటు కుట్టిన మనిషిది. ఆవిడ గుడ్డని నెమ్మదిగా మళ్లీ లోపలికి మడిచింది.

"డాక్టరుగారూ, ఇది నేను మార్చను."

"అదేంటి, పని వద్దా?"

"పనెందుకొద్దు? కానీ ఇలాంటి బండి కొనేవాళ్లు కొత్త తోలు చూసి కొనరు. ఫ్యాక్టరీలోంచి ఎలా వచ్చిందో అలాగే కావాలంటారు. ఇది పీకేస్తే బండి విలువ సగం పోయినట్టే. బాగుచేస్తే నిలిచే పన్నుని మీరు పీకేస్తారా?"

డాక్టరు నవ్వేసి, బండి ఆవిడ దగ్గరే వదిలి వెళ్లాడు.

మూడు వారాలు పట్టింది. నూనె పట్టించి తోలుని మెత్తబరిచింది. చిరుగులకి లోపలినుంచి అతుకులేసింది. పాత కన్నాల్లోంచే సూది దూర్చి కుట్టింది. డ్రైవరు సీటుకి ఎడమపక్క ఒక లొత్త మిగిలింది.

"దీన్ని నింపెయ్యనా?" అని అడిగింది.

డాక్టరు అందులో కూర్చున్నాడు. "చిన్నప్పుడు పక్క సీట్లో నేనుంటే, మామయ్య ఇలా నావైపు వాలి కూర్చునేవాడు. గేరు నా చేత వేయించేవాడు..." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "వద్దక్కా. ఉండనీ."

కొనడానికొచ్చిన ముసలాయన పాత కార్లు సేకరించే మనిషి. టార్చి పట్టుకుని, నేలమీద పడుకుని మరీ వెతికాడు. సీట్లక్క కుట్టు విప్పి సంతకం చూపించేసరికి చిన్నపిల్లాడిలా నవ్వేశాడు.

"ఇన్ని కార్లు చూశానమ్మా, కుట్టినవాడి చేతిరాతతో మిగిలింది ఇదొక్కటే!"

బేరం కూడా ఆడలేదు. డాక్టరు అనుకున్నదానికి రెట్టింపు ఇస్తానన్నాడు.

ముసలాయనకి తాళాలు ఇచ్చేముందు డాక్టరు, "నీకేం కావాలో అడుగక్కా" అన్నాడు.

"కూలి ముట్టింది కదా. ఒక్క చుట్టు తిప్పండి, చాలు."

ముప్ఫయ్యేళ్లుగా సీట్లు కుడుతున్నా, ఆవిడ అలాంటి బండిలో కూర్చోవడం అదే మొదటిసారి. "మరి నేనో?" అన్నాడు కొట్టు గుమ్మంలోంచి ఆవిడ మొగుడు.

"ఉన్నవే రెండు సీట్లు. నువ్వు కొట్టు చూసుకో."

పావుగంట తర్వాత తిరిగొచ్చింది. జుట్టు చెదిరిపోయి పిచ్చుకగూడులా ఉంది.

"ఎలా ఉందే?" అన్నాడు మొగుడు ఆత్రంగా.

"ప్రతి గతుక్కీ ఎగిరిపడ్డాం, నడుం విరిగిందనుకో!" అంటూ పగలబడి నవ్వింది. అంతగా నవ్వడం మేమెవరం ఎప్పుడూ చూడలేదు.