చివరి పుటలో రాసిన ప్రశ్నలు

మీ ఇంట్లో పిల్లోళ్లు ఒక కథల పుస్తకం తెలుగులో చదివి మీకు వినిపించి ఎన్నాళ్లయింది? గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పండి. భజన మందిరంలో అడిగితే తల దించుకుంటారని ఈ కాగితం రాసి జెరాక్సు తీయించి పంచుతా ఉండాను; తెలుగు చదవను రానోళ్లు వచ్చినోళ్లతో చదివించుకోండి.

మంగళవారం తెల్లారేసరికి మా లైబ్రరీ అమ్మ పోయింది. కుందారపల్లి దాటి లోపలికి పోతే వచ్చే మా ఊళ్లో ఆయమ్మను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. క్రిష్ణగిరి బస్సు కండక్టరు కూడా "లైబ్రరీ అమ్మా, ఊరొచ్చింది" అనేవాడు. ఆయమ్మను మన్ను చేసి వచ్చిన మర్నాడే లైబ్రరీ నడిచిన గది సొంతదారు కొడుకు గది కావాలన్నాడు. సెల్‌ఫోన్ అంగడి పెడతాడంట. ఆయన్ను తిట్టను, ఇన్నేండ్లు ఆ గదిని ఊరికే ఇచ్చినారు. తమిళ పుస్తకాలు బడివాళ్లు తీసుకుపోయినారు. తెలుగు పిల్లల పుస్తకాలు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. పాత పేపర్లవాడికి చెప్పేసినారు.

ఆ పుస్తకాలు యాడనుంచి వచ్చినాయో మీకు తెలుసా? తొంబైల్లో ఆయమ్మ కుప్పం దాకా బస్సులో పోయి, పాత చీరలో మూట కట్టి తెచ్చింది. మన పిల్లోళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు, సంతలో కన్నడం కూడా పలుకుతారు. తెలుగు అక్షరం మాత్రం తెలీదు. ఆయమ్మ ఆ గదిలోనే పలక మీద అక్షరాలు దిద్దించి, వచ్చినవాళ్ల చేతిలో పుస్తకం పెట్టేది. చిన్నోళ్లకు బొమ్మల పుస్తకాలు, ఎనిమిదో తరగతి దాటినోళ్లకు నవలలు.

ఆయమ్మ దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. తీసుకుపోయిన పుస్తకాన్ని ఇంట్లో చదువురానివాళ్లకు ఎవరికైనా చదివి వినిపించాల. విన్నవాళ్ల దగ్గర ఒక ప్రశ్న అడిగించుకుని రావాల. ప్రశ్న తేకపోతే ఇంకో పుస్తకం లేదు. ఆ ప్రశ్నను పెన్సిలుతో చివరి పుటలో ఆయమ్మే రాసేది. ఎవరో అవ్వ అడిగింది, "ఆ నక్కకు పిల్లలు లేవా?" ఇంకెవరో తాత అడిగినాడు, "రాజుకు అంత కోపమొస్తే మంత్రికి జీతం ఎవరిస్తారు?"

ఇదేం పిచ్చి అని ఒకసారి అడిగినాను. మందిరంలో చెప్పేదానికి నా చంకలో పెట్టుకున్న పురాణ గ్రంథం వైపు చూపించి, "అది కూడా ఎవరో అడిగితేనే పుట్టిందప్పా. అడిగేవాడు లేకపోతే చెప్పేవాడికి పనేముంది?" అన్నది.

ఇప్పుడు నా తప్పు చెప్పాల. చెప్పకుండా ఆయమ్మను పొగిడితే దేవుడు ఒప్పుకోడు.

అప్పుడు నాకు ముప్పై ఏండ్లు. పగలు మోటార్లకు కాయిల్ చుట్టే అంగడి, శనివారం మందిరంలో ప్రసంగం. గ్రంథమంతా చెవితో నేర్చుకున్నదే. ముందర తెరిచి పెట్టుకునేవాణ్ణి గాని తెలుగు చదవడం నాకు రాదు. ఊరికి ఆ సంగతి తెలీదు. గొర్రెలు కాసే ఒకాయన కూతురు, పదో తరగతి పిల్ల, ఒక నవల తీసుకుపోయి దినమూ సాయంత్రం కొంచెం కొంచెం నాయనకు వినిపిస్తా ఉండింది. చదువు కోసం ఇల్లు విడిచిపోయిన అమ్మాయి కథ. ఆ మాట నా చెవిన పడింది. పుస్తకం తెప్పించి, మందిరంలో పైకెత్తి పట్టుకుని, ఇట్లాంటివి ఆడపిల్లలకు ఇవ్వడం పాపమని గొంతు పగిలేటట్టు అరిచినాను. ఆ నాయన ముందు వరసలోనే ఉండినాడు. ఆయమ్మ ఆడోళ్ల వరసలో ఉండింది.

మర్నాడు పొద్దున్నే నా అంగడికి వచ్చింది. "ఏమప్పా, ఆ పాపం ఏ పుటలో ఉంది? చూపించు, నేనే చించేస్తాను."

పుటలు తిప్పినాను. తిప్పుతానే ఉన్నాను. మోటారు తెచ్చిన రైతు ఒకాయన చూస్తా నిలబడినాడు. ఆయమ్మ నా వేళ్లను చూసింది, నా ముఖం చూసింది, గొంతు తగ్గించింది.

"కళ్లద్దాలు ఇంట్లో మరిచినట్టుండావు. సాయంత్రం పిల్లోళ్లు పోయినాక రా, నిదానంగా చూద్దాం."

నాకు కళ్లద్దాలే లేవు.

పోయినాను. మేకపిల్ల బొమ్మ ఉన్న పుస్తకం ముందర పెట్టింది. "మందిరంలో అంత అరిచే గొంతు 'మేక' అనేదానికి ఇంత వణుకుతుందా స్వామీ?" అని నవ్వింది. అక్షరం అక్షరం కూడబలుక్కోవడం ఆడ మొదలుపెట్టి, మిగతాది అంగడిలో నాకు నేనే నేర్చుకున్నాను. ఆ గ్రంథాన్ని నిజంగా చదివింది ఆ తర్వాతే.

కొన్ని నెలలకు ఆ నవల కూడా చదివినాను. అందులో పాపం లేదు. చివరి పుటలో ఒక ప్రశ్న ఉంది. సగం కథ విని ఆ గొర్రెలాయన అడిగిందని, పిల్ల వచ్చి చెప్తే రాసినానని ఆయమ్మ అన్నది: "ఆ పిల్ల పోయినాక వాళ్ల నాయన కూడు తిన్నాడా?"

పుస్తకం ఎత్తుకుని వాళ్లింటికి పరిగెత్తినాను. నా ప్రసంగం విన్న వారానికే పిల్లను బడి మాన్పించి జవళగిరి పక్క తన అత్తగారింటికి, పూలతోట పనికి పంపేసినాడు. నాది తప్పు, మిగతా కథ నేను చదువుతాను, పిల్లను పిలిపించప్పా అని అడుక్కున్నాను.

"వద్దన్నదీ మీరే కదా స్వామీ," అన్నాడు. "దినానికొక మాట చెప్తే మేమెట్ల బతికేది?" గొర్రెల్ని తోలుకుని పోయినాడు. పిల్ల మళ్లీ రాలేదు.

మందిరంలో నా తప్పు ఒప్పుకున్నాను. స్వామికి ఏమో అయిందని నవ్వినారు. ఆ ప్రసంగంతో నేను భయపెట్టి లైబ్రరీ మాన్పించిన తల్లుల్లో ఒకరిద్దరు తప్ప ఎవరూ పిల్లోళ్లను తిరిగి పంపలేదు. తర్వాత టీవీ వచ్చింది, ఇంగ్లీషు బడి బస్సు ఊళ్లోకి వచ్చింది. కడపటి రెండేండ్లు ఆ గదిలోకి ఒక్క పిల్లా రాలేదు. అయినా నాలుగు గంటలకు తలుపు తీసి, బట్టతో పుస్తకాలు తుడిచి, ఆరింటికి మూసేది. అంతా నా వల్లేనమ్మా అని ఒకనాడు ఏడ్చినాను. "ఊరు మొత్తాన్ని చెడిపేంత పెద్దోడివి కాదులేప్పా నువ్వు," అన్నది. అది క్షమించడమో, తిట్టడమో నాకు ఈనాటికీ తెలీదు.

మీరు మారతారని నాకు నమ్మకం లేదు. ఉన్నట్టు చెప్తే అబద్ధమవుతుంది. నేను మాటలతో చెడగొట్టగలిగినాను, మాటలతో బాగు చేయలేకపోయినాను. అయినా ఇంకొక్కసారి అడుగుతా ఉండాను.

ఇప్పుడే ఆ గదికి పోయి వచ్చినాను. పుస్తకాలన్నీ గోనెసంచుల్లో కుక్కి గడప దగ్గర పెట్టినారు. సంచుల మూతులు ఇంకా కుట్టలేదు. పైనున్న పుస్తకాల పుటలు బస్సు పోయినప్పుడల్లా గాలికి లేస్తా ఉన్నాయి. పాత పేపర్లవాడి ఆటో సాయంత్రం వస్తుంది. రేపనొద్దు, ఆదివారం అనొద్దు. ఈ కాగితం కింద పెట్టి, మీ పిల్లోళ్ల చెయ్యి పట్టుకుని ఈ పొద్దే రండి. సంచిలో చెయ్యి పెట్టి ఒక్క పుస్తకం తీసుకుపోండి.