తెగిన లైను మీద వచ్చిన అడ్రస్

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడు మా అవ్వ దిష్టి తీస్తుంటే మిరపకాయల ఘాటుకు దగ్గేదాన్నే కానీ భయపడేదాన్ని కాదు. పైగా నాది కంప్యూటర్ పని. ఏది జరిగినా దానికి కారణం ప్రోగ్రామ్‌లో ఎక్కడో ఒక లైనులో ఉంటుందని నమ్మే రకం. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఊళ్లలోకి ఇంటర్నెట్ అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. వేలూరులో ఒక బ్రౌజింగ్ సెంటర్‌లో పని చేసేదాన్ని. గుడియాత్తంలో మా చిన్నాయనకు, అంటే నాన్న తమ్ముడికి, లుంగీల అంగడి ఉండేది. మలేషియా బేరగాళ్లు నమూనాలు అడిగిన ప్రతిసారీ పార్సిల్ కట్టాల్సి వచ్చేది. ఆ బాధ తప్పుతుందని అంగడిలోని కంప్యూటర్‌నే వెబ్ సర్వర్‌గా మార్చి, లుంగీల ఫోటోలు అందులో పెట్టాను.

చిక్కల్లా అడ్రస్‌తోనే. మోడెమ్‌తో ఫోన్ లైను మీద కనెక్ట్ అయిన ప్రతిసారీ బయటి లోకానికి కనిపించే అడ్రస్ మారిపోతుంది. ఆ కంప్యూటర్‌నే అడిగితే తన లోపలి అడ్రస్ చెబుతుంది. దానితో బయటివాళ్లకు పని లేదు. అందుకని ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. కనెక్ట్ కాగానే అది మద్రాసులో ఉన్న నా స్నేహితురాలి సర్వర్‌ను ‘నేను నీకు ఏ అడ్రస్‌లో కనిపిస్తున్నాను?’ అని అడుగుతుంది. ఆ జవాబు అక్కడే ఒక పేజీలో పడుతుంది. ఆ పేజీ చూస్తే చాలు, అంగడి సర్వర్‌ను ఎక్కడినుంచైనా తెరవొచ్చు.

ఒకరోజు పొద్దున అలవాటుగా ఆ పేజీ చూశాను. కొత్త అడ్రస్ ఉంది. టైప్ చేస్తే లుంగీల ఫోటోలు మెల్లగా ఒక్కొక్కటే దిగాయి. ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఎందుకో కనుక్కుందామని అంగడికి ఫోన్ చేశాను. మోగలేదు. కంప్యూటర్ లైను మీద ఉంటే రావాల్సిన ఎంగేజ్ కూడా రాలేదు.

ఇంటికి చేస్తే చిన్నమ్మ ఎత్తింది.

“ఆయన తెల్లారే ఆర్కాడు పోయినాడు కదమ్మా. మోడెం చెడిపోయుండాదంట, రిపేరు చేయించుకోని వస్తానన్నాడు.”

“అయితే అంగడిలో ఎవురుండారు చిన్నమ్మా?”

“ఎవురుంటారు? మూసుండాది. ఆ వీధిలో నిన్నట్నించీ ఫోన్లే లేవు. కాలువ తవ్వతా వైరు తెంపేసినారు.”

దొంగలేమో అనుకున్నాను. కానీ దొంగ మాత్రం తెగిన లైను మీద ఎలా కనెక్ట్ అవుతాడు?

“ఎవురినైనా తోడు తీసుకోని ఒకతూరి పోయి చూడు చిన్నమ్మా. ఇప్పుడే పో” అన్నాను. నా గొంతు విని ఆమె ఎందుకని అడగలేదు.

ఫోన్ పక్కనే కూర్చుని ఆ పేజీని మళ్లీ మళ్లీ తెరిచాను. అడ్రస్ అలాగే ఉంది. టైప్ చేస్తే ఏమీ రావడం లేదు. సెంటర్‌కు వచ్చినవాళ్లు ఏదో అడుగుతున్నారు, నాకు వినబడటం లేదు. చివరికి ఫోన్ మోగింది.

“మీ చిన్నాయన అంగడిలోనే పడిపోయుండాడమ్మా! మాట లేదు, నోరు వంకర పోయుండాది. వేన్‌లో ఏసుకోని వేలూరుకే తెస్తా ఉండాము!”

ఆర్కాడు బయల్దేరేముందు మోడెమ్ కోసం అంగడికి వెళ్లి, లోపలినుంచి షట్టర్ దించుకున్నాడట. లుంగీల కట్టల వెనక కూలిపోయాడు. వీధిలో పోయేవాళ్లకు అది మూసిన అంగడే. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టర్.

మర్నాడు చిన్నమ్మకు బట్టలు తేవడానికి గుడియాత్తం వెళ్లినప్పుడు అంగడి తెరిచాను. కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంది. ప్లగ్గు గోడనుంచి పీకి ఉంది. మోడెమ్ చిన్నాయన సంచిలో, పేపర్లో చుట్టి ఉంది. ఫోన్ ఎత్తితే చప్పుడు లేదు.

మా సెంటర్ కంప్యూటర్ దాచుకున్న పాత పేజీ ఏదో చూసి ఉంటానని సర్దిచెప్పుకోబోయాను. మద్రాసు స్నేహితురాలిని అడిగితే, ఆ పొద్దున అడ్రస్ కోసం ఎవరో అడిగిన మాట నిజమేననీ, తన సర్వర్ జవాబు ఇచ్చిందనీ చెప్పింది.

మాట తిరిగొచ్చాక చిన్నాయన్నే అడిగాను.

“కంప్యూటర్ వెయ్యనే లేదమ్మా. మోడెం పీకి సంచిలో పెట్టినాను, అంతే, కాళ్లు పట్టు తప్పినాయి. అరుద్దామంటే గొంతు రాలా. నేనీడుండానని ఎవురికి తెలస్తాదిరా దేవుడా అనుకున్నా. అదొకటే గ్యాపకం.”

ఆ ప్రోగ్రామ్‌లో ప్రతి లైనూ నేను రాసిందే. ఆ పొద్దున అది ఎలా నడిచిందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను. వెళ్లి చూడమని నాకెలా తోచిందో చిన్నమ్మ ఇంతవరకూ అడగలేదు. అడగకపోవడమే మేలు.