రెండో పిలుపు

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఊపుమీదున్న రోజుల్లో నేను జనగామలో డిగ్రీ చదివేవాణ్ని. మా కాలేజీ గోడమీద సున్నం కన్నా నినాదాలే మందంగా ఉండేవి. బంద్ లేని రోజు వస్తే హోటలువాడు మమ్మల్ని అనుమానంగా చూసేవాడు. అన్ని క్లాసులూ ఆగిపోయినా మా తెలుగు మేడం క్లాసు మాత్రం ఆగేది కాదు. పిడుగులు పడుతున్నా ఆవిడ గొడుగు వేసుకుని నడిచివచ్చేది.

ఆ క్లాసు తీరే వేరు. పాఠం ఉండదు. అందరం వ్యాసం రాసుకొచ్చి, కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చోవాలి. ఒకరు చదివాక మేడం ఎవరిదో ఒక రోల్ నంబరు పిలుస్తుంది. ఆ నంబరువాళ్లు లేచి వాదించాలి. ఒక్కసారే పిలుస్తుంది, లేవకపోతే పక్క నంబరుకు పోతుంది. "రాత సగం, మాట సగం. మాట లేకుంటే పాస్ లేదు" అనేది.

రాతలో నాకు ఢోకా లేదు. మాట దగ్గరే వచ్చింది చిక్కు. మాది గూడూరు అవతల, అడవి అంచున ఊరు. అక్కడ మొదటి పిలుపుకు ఎవరూ పలకరు. మా నాయినమ్మ నాకు నడక కన్నా ముందు నేర్పింది అదే.

"ఒక్కపారి పిలిస్తె పలుకకు బిడ్డా. మనిషైతే మల్ల పిలుస్తడు. గాలైతే ఒక్కపారే పిలుస్తది."

గాలంటే దయ్యం. దానికి పలికినవాళ్లు ఏమయ్యారో మాత్రం చెప్పేది కాదు. పొయ్యిలో కట్టె ఎగదోసేది. దాంతో మా ఊళ్లో మనిషిని అన్నానికి పిలిచేలోపు అన్నం చల్లారి, పాచిపోయి, మళ్లీ వండాల్సి వచ్చేది.

మేడం నా నంబరు పిలవగానే నా ఒళ్లు బండరాయి అయ్యేది. రెండో పిలుపు కోసం చూసేవాణ్ని. అది వచ్చేది కాదు. "ఇంకొక్క క్లాసు చూస్త. నోరు విప్పకుంటే నీ సంవత్సరం పోయినట్టే" అని ఆవిడ తేల్చేసింది. సంవత్సరం పోతే మా బాపు నన్ను పత్తిచేనుకు తోలడం ఖాయం.

నా రూమ్మేట్ తరిగొప్పుల ఊరివాడు. సంగతి విని పొర్లిపొర్లి నవ్వాడు.

"ఓరి నీ పాసుగాల! గిదా కత? నేను నీ ఎనకనే కూసుంట. మేడం పిలువంగనే ఇంకోపారి నేను పిలుస్త. అప్పుడు లేస్తవా?"

"లేస్త."

"నన్ను జూస్తె గాలి లెక్క కనవడ్తలేనుగదా?"

"జర కనవడ్తున్నవ్."

గుండ్రానికి బయట, నా వెనక, తలుపు పక్కనున్న కుర్చీ వాడు ఖాయం చేసుకున్నాడు. ధర్నాలకు జారుకోవడానికి కూడా అదే వీలు.

తీరా ఆ క్లాసు రోజే రైల్ రోకో. వాడు పొద్దున్నే స్టేషన్‌వైపు పోతూ, "యాళ్లకు వచ్చి నీ ఎనక ఉంట, పరేషాన్ గాకు" అన్నాడు.

క్లాసు మిట్టమధ్యాహ్నం. బస్సుల్లేవు, రైళ్లు లేవు. హైదరాబాదు రోడ్డుమీద కుక్క నడిస్తే దాని గోళ్ల చప్పుడు మా గదిలోకి వినిపించింది. వడగాడ్పుకు తలుపు మూసి గడియ పెట్టుకున్నాం. కరెంటు పోయింది. అయినా నిజాం తాతల నాటి ఫ్యాను ఎందుకో మెల్లగా తిరుగుతూనే ఉంది. పట్టుమని పదిమందిమి లేం. ఖాళీ కుర్చీలే మాకన్నా శ్రద్ధగా వింటున్నట్టున్నాయి.

ఊరి మాట రాతకు పనికొస్తుందా అన్నది ఆనాటి వ్యాసం. మేడం నాది ఇంకొకరితో చదివించింది.

"ఊరి మాటల్నే రాయాలని రాసినవ్. ఇందులో మీ ఊరి మాట ఒక్కటన్న లేదేం? ముప్పై ఏడు!"

ముప్పై ఏడు నేనే. కదల్లేదు. ఆవిడ పెన్ను పక్క నంబరుకు జరుగుతోంది. అప్పుడు నా మెడ వెనక, చెవికి ఆనుకున్నంత దగ్గరగా, "లే రా" అని వినబడింది. ఆ ఎండలో చల్లటి ఊపిరి తగిలింది. వచ్చేశాడనుకుని లేచాను.

"మేడం, 'గాలైతే ఒక్కపారే పిలుస్తది' అంటది మా నాయినమ్మ. గా మాట వింటె ఎంటికలు లేస్తయి. గదే మాటను నేను 'దుష్టశక్తులు ఏకపర్యాయము మాత్రమే ఆహ్వానించును' అని రాస్తె గా దయ్యమే నవ్వి పోతది. భయం మాటలోనే ఉన్నది మేడం. మాట మారిస్తె భయం పోతది. రాసెటప్పుడు నాకు ధైర్యం సాలలే."

ఎదురుగా కూర్చున్న కిరాణా దుకాణంవాళ్ల అమ్మాయి చున్నీ భుజాలమీదికి లాక్కుంది.

"మరి సదివెటోళ్లకు సమజ్ గాకుంటె?" అంది.

"సమజ్ అయినంకనే గద నువ్వు చున్నీ కప్పుకున్నవ్?"

వాదన అందుకుంది. గంట కొట్టినా ఆగలేదు. చివరికి మేడం పెన్ను మూసి, "పాసైనవ్ పో. ఇయ్యాల ఒక్క పిలుపుకే లేచినవ్" అంది.

ఒక్క పిలుపా? వెనక్కి తిరిగి చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. తలుపు గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది.

సాయంత్రం నా రూమ్మేట్ గదికొచ్చాడు. పొద్దున్నే పోలీసులు పట్టాలమీంచి ఎత్తుకుపోయి ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టారట. నినాదాలకు గొంతు పూర్తిగా పోయింది.

"రాలేకపోయినరా, మాఫ్ చెయ్. ఏమైంది?" అన్నాడు గుసగుసగా.

"పాసైన."

"ఎట్ల? ఎవలు పిలిసిండ్రు?"

నేను లేచి రూము తలుపు గడియ పడిందో లేదో చూసొచ్చాను. నా మొహం చూసి వాడు తన మంచం నా మంచం పక్కకు లాక్కున్నాడు.

తర్వాతి క్లాసులో వాడు గుండ్రంలోకి వచ్చి నా పక్కనే ఇరుక్కున్నాడు.

"ఎనక కూసోవా?"

"నువ్వు కూసో పో."

మేడం "ముప్పై..." అనగానే లేచి నిలబడ్డాను. ఆవిడ పిలవబోయింది ముప్పై ఒకటినట. కూర్చోమన్నా కూర్చోలేదు. మాట్లాడుతూనే ఉన్నాను, వెనకనుంచి ఇంకెవరికీ పిలిచే అవసరం రాకుండా.