పోలికల మామయ్య, చారల పందిపిల్ల

మా మామయ్యకు పోలికలు చెప్పే జబ్బుంది. ఎదుట ఏ ముఖం కనబడినా అది ఎవరి పోలికో తేల్చేదాకా ఆయనకు ముద్ద దిగదు. బస్సులో పక్కవాడితో, "ఈ నుదురు మీ తాతగారిదే కదండీ" అంటాడు. ఆ తాతను ఈయన చూసి ఉంటేగా! పక్కవాడు మాత్రం దిగాల్సిన చోటు దాటిపోయినా నుదురు తడుముకుంటూనే కూర్చుంటాడు. ఒకసారి పళ్ళ డాక్టరు ముందు నోరు తెరుచుకుని ఉండి కూడా, "ఆ ముక్కు మీ మేనత్తది" అని చెప్పబోయాడు. నొప్పి కాబోలనుకుని డాక్టరు ఇంకో ఇంజెక్షను పొడిచాడు.

ఊరి చివర, అడవిని ఆనుకుని ఆయన పందులు పెంచేవాడు. నేను ఆయన దగ్గరే పనిచేసేవాణ్ణి. ఒకసారి మా తెల్ల ఆడపంది కంచె దూరి అడవిలోకి పోయింది. వెతికి వెతికి ఆశ వదులుకున్నాక, ఏమీ ఎరగని నంగనాచిలా తనే తిరిగొచ్చింది. నెలలు నిండి ఈనితే, పిల్లల ఒంటినిండా దోసకాయకున్నట్టు చారలు.

"అల్లుడూ, ఆ చారలు చూడు, అచ్చం తండ్రి పోలిక" అని గంతులేశాడు మామయ్య.

"ఆ తండ్రితో మీకెక్కడి పరిచయం?" అంది అత్తయ్య.

పశువుల డాక్టరు వచ్చి చూసి, "అడవిపంది సంకరమండీ ఇవి. పెరిగేకొద్దీ చారలు పోతాయి గానీ పొగరు పోదు. కంచె గట్టిగా కట్టించుకోండి" అన్నాడు.

అన్నట్టే చారలు పోయాయి. ఒకదానికి మాత్రం మూతి బారెడు సాగి, వీపు మీద చీపురుపుల్లల్లాంటి వెంట్రుకలు నిక్కాయి. పరుగు తండ్రిది, తిండి తల్లిది. మామయ్య దానికి దొరగారని పేరు పెట్టాడు. దొరగారు కంచె దూకి షికార్లు మొదలెట్టేసరికి అటవీ గార్డు వచ్చి, "ఇంకోసారి బజార్లో కనబడితే కాల్చేస్తాను. ఎవరినైనా పొడిస్తే జవాబు చెప్పుకోవాల్సింది నేను" అని హెచ్చరించి వెళ్ళాడు.

ఆ వారమే మళ్ళీ దూకాడు దొరగారు. మంగలి కొట్టులోంచి సగం గడ్డంతో ఒకాయన వీధిలోకి ఉరికాడు. దొరగారి వెనక మామయ్య, ఆయన వెనక నేను, నా వెనక చీపురు పట్టుకుని అత్తయ్య, అందరి వెనకా తుపాకీతో గార్డు. చివరికి దొరగారు టైలరమ్మ కొట్లో దూరి కత్తిరింపు బల్ల కింద నక్కాడు.

బల్ల మీద టైలరమ్మ కూతురుంది. ఆరేడేళ్ళ పిల్ల. ఈమధ్యే దత్తత తెచ్చుకుంది. కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళూ "నీ పోలిక రాలేదేం?" అని టైలరమ్మను అడుగుతుంటే విని విని, ఆ పిల్ల నోరు విప్పడమే మానేసింది.

గార్డు తుపాకీ ఎత్తాడు. టైలరమ్మ గుమ్మంలో కొయ్యబారిపోయింది.

"ఆగండి బాబూ, పిల్లుంది" అంటూ మామయ్య అడ్డం నిలబడి, మోకాళ్ళ మీద లోపలికి పాకాడు. దొరగారు పళ్ళు పటపటలాడించాడు. మాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"భయపడకమ్మా. దానికి నీకంటే ఎక్కువ భయంగా ఉంది."

పిల్ల కిందికి తొంగి చూసింది. "ఇది ఎవరి పోలిక?"

"మూతి నాన్నది, తోక అమ్మది."

"మరి నేను?"

టైలరమ్మ తల దించుకుంది.

"నువ్వా? మీ అమ్మే. భయమేస్తే కింది పెదవి ఎడమపక్క కొరుక్కుంటావు. మీ అమ్మేం చేస్తోందో చూడు."

అందరం తిరిగి చూశాం. అదే పెదవి, అదే పక్క. టైలరమ్మ ఉలిక్కిపడి పెదవి వదిలింది. పిల్లా వదిలింది. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఈలోగా మామయ్య దొరగారి చెవి వెనక గోకుతూ మెడకు తాడు తగిలించేశాడు. ఆ సాయంత్రానికల్లా నిలువెత్తు రేకుల కంచె వేయాలన్న షరతు మీద గార్డు తుపాకీ దించాడు.

రేకులు బిగిస్తుంటే అత్తయ్య అడిగింది. "దత్తత పిల్లని తెలిసే చెప్పారా?"

"తెలిసే. కన్నపిల్లలకు పోలికలు చెప్పడానికి ఊరంతా ఉంది. మిగతావాళ్ళకు నేనైనా ఉండొద్దూ?"

మర్నాడు ఆ పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని దొడ్డికొచ్చింది. దొరగారినీ మామయ్యనూ మార్చి మార్చి చూసి తీర్పు చెప్పింది. "ఈ వెంట్రుకలు మాత్రం నీ పోలికే తాతయ్యా."

"ఇన్నేళ్ళకు ఒక్క పోలిక సరిగ్గా కుదిరింది" అంది అత్తయ్య.

ఆ పూటంతా మామయ్య దువ్వెన ముట్టుకోకుండా, ఎదురైన ప్రతివాడికీ తల చూపించుకుంటూ తిరిగాడు.