ఊరుకోని కాలు

అలియాబాద్ దాటాక రోడ్డు పక్కన లిఫ్టు కోసం నిలబడ్డ నన్ను జనార్ధన్ పాత కారును పూర్తిగా ఆపకుండానే పిలిచాడు. "ఎక్కుండ్రి పెద్దాయనా! బండి ఆగితే తోసుడుకైనా పనికొస్తరు." ఇంజనుకు గాలి అందించే కొత్త గొట్టం, మ్యానిఫోల్డ్, తనే బిగించుకున్నప్పటి నుంచి, యాక్సిలరేటర్ వదిలితే ఇంజను గడగడా వణికి ఆగిపోతోందట. మేడ్చల్‌లో భార్యకు నెలలు నిండాయి. ఆస్పత్రి దారిలో ఆగిపోతే? ఆ భయంతో, దారిలో టీకొట్టు బల్ల మీద కూర్చున్నా అతని కుడికాలు యాక్సిలరేటర్‌ను తొక్కినట్టు నేలను తొక్కుతూనే ఉంది. శామీర్‌పేటలో మెకానిక్ సత్తార్ మ్యానిఫోల్డ్ అతుకు మీద నీళ్లచుక్కలు వేశాడు. వణుకు క్షణం ఆగింది. "గాలి గీడికెళ్లి గుంజుతాంది భాయ్. గాస్కెట్ ఉల్టా ఏసినవ్, ఇంజనేం జేస్తది?" అతుకు మధ్య ఉండే ఆ పలకను తిప్పి బిగించాక ఇంజను నిమ్మళించింది. జనార్ధన్ మాత్రం నిమ్మళించలేదు. ఇల్లు చేరాక, ఆపితే మళ్లీ లేవదేమోనని ఇంజను నడుస్తుండగానే దిగాడు. చెవి కారు వైపే పెట్టి లోపలికి నడిచాడు.